నలభై ఒకటో ఫ్రేము

ఉత్తరాది వాళ్ళకి కదలని చుక్క ఒకటుందట,
దాన్ని చూసి దుర్భిణీ సరిచేసుకుంటారట.
మా కరూలో అది నేల కింద ఉంటుంది.
ఇక్కడ ఆకాశం తిరిగేది
దక్షిణాన ఒక ఖాళీ చోటు చుట్టూ.
ఆ ఖాళీని పట్టుకోడానికి మా ఆయన ద్రీస్ ఎసావ్
గంటసేపు మోకాళ్ళ మీద ఉంటాడు
గడ్డకట్టిన మట్టిలో
ఉంగరం పారేసుకున్నవాడిలా.

పగలు గాలిమరలు బాగుచేస్తాడు.
ఫ్రేజర్‌బర్గ్ చుట్టూ ఎవరి పొలంలో
ఏ మర ఎలా కీచుమంటుందో చెవితోనే చెప్తాడు.
జులై అమావాస్య దగ్గరపడితే మాత్రం
ఎవరి మర ఆగినా ఆగినట్టే.

పాత కెమెరా. ఎర్ర వెలుగుని ఆపే గాజుపలకను
నా కూరల కత్తితో ఊడదీశాడు.
ఆ కత్తికి మళ్ళీ ఉల్లిపాయ తెగలేదు.
లారీ బ్యాటరీకి నా శాలువా కప్పాడు.
తేలు కొండికి కాస్త పక్కన
పిల్లి పాదం అని ఒక మబ్బుందట.
నాకు కనపడదు. తనకీ కనపడదు.
కనపడనిదానికేసి గురిపెట్టి
అయిదేసి నిమిషాలు కన్ను తెరిచి ఉంచుతాడు,
రాత్రికి అరవై సార్లు.
"చినుకు చినుకూ దోసిట్లో పట్టడమే" అంటాడు.
చినుకుల సంగతి కరూ వాళ్ళకేం తెలుసని!

తెల్లారబోతుంటే దిండు గలీబు అడుగుతాడు,
తెల్లది, ఉతికినది.
గొట్టం మూతికి కట్టి దాన్నీ ఫొటో తీస్తాడు,
అద్దం మీద దుమ్మెక్కడుందో తెలియాలట.
ఆపైన మూతపెట్టి
ఉత్త చీకటిని ఇరవై సార్లు.
"చీకటికి కూడానా?" అన్నాను.
"కెమెరా లోపలి చీకటి వేరు, బయటిది వేరు.
లోపలిది తీసేస్తే గానీ బయటిది తెలీదు."
పెళ్ళై ముప్పయ్యొక్కేళ్ళు.
ఇంత మాట వంటింట్లో ఎప్పుడూ అనలేదు.

ఆ రాత్రి, నలభై ఒకటో ఫ్రేము నడుస్తుండగా
అపోల్స్ వచ్చాడు
తప్పిపోయిన గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని.
"ఇందులో ఏముందిరా ద్రీస్" అంటూ
టార్చి నేరుగా గొట్టంలోకి కొట్టాడు.
పిల్ల బే మంది.
మా ఆయన తిట్టిన తిట్లకి
కంచె అవతల నక్క కూడా ఊరుకుంది.

వారం రోజులు కంప్యూటర్ ముందే.
అట్ల దొంతరలా పేర్చాడు ఫ్రేములన్నీ.
మొదట తెర నిండా మసి.
గీతను వేలెడంత పైకి లాగాడు. మసి కదిలింది.
మళ్ళీ లాగాడు.
బూడిద ఊదితే కింద నిప్పు కనపడినట్టు
ఎరుపు.
మూడు వేళ్ళు, ఒక అరికాలు.
"ఇంకా లాగు" అన్నాను.
"ఇంకా లాగితే ఆ రంగు దానిది కాదు, నాది."
చెయ్యి తీసేశాడు.

ఆదివారం అపోల్స్ చూడ్డానికొచ్చాడు,
బూట్లు గుమ్మం బయట విడిచి.
చాలాసేపు చూసి
"మరి నేనేడి?" అన్నాడు.
"కొట్టింది నేనే కదా. అదీ వెలుతురే కదా."

ద్రీస్ గొంతు సవరించుకున్నాడు.
అన్నింట్లో ఉన్నదాన్నే లెక్క ఉంచుతుంది,
ఒక్కసారే వచ్చినదాన్ని తప్పని తీసేస్తుంది.
విమానం, రాలిన చుక్క, గుడ్లగూబ,
నువ్వు.
"గొర్రెపిల్ల?"
"అదీ."

నేను కాఫీ పోశాను. ఎవరూ ముట్టుకోలేదు.
అపోల్స్ తన అరచేతులు చూసుకుంటున్నాడు,
ఉన్నాయో లేదో అన్నట్టు.

ద్రీస్ మళ్ళీ తెర వైపు తిరిగి
పారేసినవాటిలో వెతికాడు.
దొరికింది. దానికేమీ చెయ్యలేదు,
చీకటి తీసేయలేదు, దుమ్ము తుడవలేదు,
పోస్టాఫీసు పక్క దుకాణంలో అలాగే అచ్చేయించాడు.
పాల పొంగులాంటి తెలుపు,
అంచున ఒక నారింజ మరక.
చుక్క ఒక్కటీ లేదు.

పిల్లి పాదం మా గోడకుంది.
నలభై ఒకటోది బొచ్చు కత్తిరించే కొట్టంలో
మేకుకి వేలాడుతోంది.
వచ్చినవాళ్ళనల్లా దాని ముందు నిలబెట్టి
వేలితో చూపిస్తాడు అపోల్స్:
"ఇది నేను.
ఇదుగో, ఇక్కడే, పిల్ల బే మంది."

ఏడాదైంది.
ఆ పిల్లకీ ఒక పిల్ల.